పాత కంప్యూటర్ వదలని అబ్బాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది కాలేజీలో చేరాలి. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. కొంతకాలంగా ఒక్కోసారి ఆన్ అవుతోంది, ఒక్కోసారి కావడం లేదు. లోపల టిక్ టిక్ చప్పుడు కూడా వస్తోంది. పారేద్దామంటే వినడు. డిస్క్ పోయిందా, కేబుల్ పోయిందా అంటూ రోజంతా దాని ముందే కూర్చుని నోట్‌బుక్‌లో ఏవో అంకెలు రాసుకుంటున్నాడు. ఆ పేజీల ఫొటోలు పంపుతున్నాను. మా కుటుంబం ఫొటోలన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. వీడు చివరికి రిపేర్లు చేసుకుంటూ మిగిలిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. హార్డ్‌వేర్ డిప్లొమా, కంప్యూటర్ సైన్స్ డిగ్రీ, ఆరు నెలల సైబర్ సెక్యూరిటీ కోర్సు, ఈ మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి. (ఒక తండ్రి)

జవాబు: పోల్చి చెబుతాను. దానికంటే ముందు నోట్‌బుక్ సంగతి. మీరు ఆ పేజీలకు ఫొటోలు తీశారే కానీ, చదివినట్టు లేరు.

ప్రతి హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి కొన్ని లెక్కలు రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ రిపోర్ట్ అంటారు. మీవాడు రోజూ అందులోంచి మూడు వరుసలు దించుకున్నాడు: 5, 197, 199. వీటిలో 5, 197 డిస్క్‌లో పాడైన చోట్ల లెక్కలు. 199 అనేది డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య డేటా ఎన్నిసార్లు చెడిపోయిందో చెప్పే లెక్క. సాధారణంగా ఇది పెరుగుతుంటే అనుమానించాల్సింది డిస్క్‌ని కాదు, కేబుల్‌ని. అతను ఆ రెండింటినీ కలిపే సాటా కేబుల్ ఒక్కటే మార్చి, ఇంకేమీ ముట్టుకోకుండా మళ్లీ చూశాడు. పక్కన ఇలా రాసుకున్నాడు: "తగ్గలేదు, కానీ పెరగడం ఆగింది." ఆ లెక్క ఎప్పటికీ వెనక్కి రాదని, చూడాల్సింది అంకెను కాదు, పెరుగుదలను అని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. చూస్తూ చూస్తూ తనే పట్టుకున్నాడు.

అయినా 197 పెరుగుతూనే ఉంది. అది డిస్క్ చదవలేక పక్కన పెట్టిన సెక్టర్ల, అంటే డేటా దాచే చిన్న చిన్న గదుల లెక్క. అంటే కేబుల్ లోపం వేరు, డిస్క్ లోపం వేరు, రెండూ ఉన్నాయి. ఈ ముక్క కూడా అతనే రాశాడు. ఒక లోపం దొరకగానే పని అయిపోయిందనుకునే ఇంజినీర్లను నేను చాలామందిని చూశాను.

పొరపాట్లు లేవా అంటే ఉన్నాయి. ఫొటోలు కాపీ చేయకముందే విండోస్‌లో డిస్క్‌ని పరీక్షించే చెక్‌డిస్క్‌తో పూర్తి స్కాన్ పెట్టాడు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని మొదటి సెక్టర్ నుంచి చివరిదాకా చదివిస్తే, ఆ శ్రమకే అది పోవచ్చు. పైగా చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పట్టికను సరిచేస్తుందే తప్ప మీ ఫొటోలను కాపాడాలని చూడదు. ముందు కాపీ, తర్వాతే పరీక్ష. డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రామ్ అయితే తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ ముందు తీసేసుకుని, మొండికేసిన చోట్లకు చివర్లో వస్తుంది. రెండో పొరపాటు, స్మార్ట్ రిపోర్ట్‌లో "బాగుంది" అని కనిపించిన రోజు నిశ్చింతగా ఉండటం. 2007లో గూగుల్ తన డిస్క్‌ల మీద చేసిన అధ్యయనంలో, పాడైన వాటిలో సగానికి పైగా డిస్క్‌లు ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఏ హెచ్చరికా ఇవ్వలేదు. రిపోర్ట్ బాగోలేదంటే నమ్మాలి, బాగుందంటే మాత్రం నమ్మకూడదు.

ఇక మీ సంగతి. ఇన్నేళ్ల ఫొటోలకు ఒక్క కాపీ కూడా లేకుండా ఉంచింది ఎవరండీ? పిల్లవాడు కాదు కదా. ఇంట్లో పెద్దలు వదిలేసిన పనిని అతను భుజాన వేసుకుంటే, మీకు స్క్రూడ్రైవర్ ఒక్కటే కనిపించింది. రిపేర్ చేసేవాడంటే మీకు అంత చిన్నచూపు ఎందుకో కూడా ఒకసారి ఆలోచించుకోండి.

సైబర్ సెక్యూరిటీ గురించి ఈమధ్య నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇదే ప్రశ్న. ఆ రంగం మంచిదే. నా అనుమానమల్లా ఆరు నెలల కోర్సుల మీద. వాటిలో చాలావరకు నేర్పేది ఏ టూల్‌లో ఏ బటన్ నొక్కాలన్నదే. డెమో క్లాసుకు వెళ్లినప్పుడు ఒక ప్రశ్న అడగండి: ఫైల్ డిలీట్ చేస్తే నిజంగా ఏం జరుగుతుంది? తిరిగే డిస్క్‌లో సాధారణంగా ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టడం మాత్రమే జరుగుతుంది, దాని మీద వేరేది రాసేదాకా పాత డేటా అక్కడే ఉంటుంది. తిరిగే భాగాలు లేని, చిప్‌ల మీద నడిచే ఎస్ఎస్‌డీలో అయితే, ఆ చోటు ఇక అక్కర్లేదని చెప్పే ట్రిమ్ అనే ఆదేశం వల్ల కథ మారిపోతుంది, పాత డేటా త్వరలోనే చెరిగిపోవచ్చు. ఈ తేడా చెప్పలేని చోట డిజిటల్ ఫోరెన్సిక్స్, అంటే కంప్యూటర్లలో సాక్ష్యాలు వెతికే పని నేర్పుతామంటే నేను నమ్మను. ఆ పనిలో మొదటి నియమం అసలు డిస్క్‌ని మార్చకూడదు, దాని కాపీ తీసి కాపీ మీదే పని చేయాలి. మీ ఇంట్లో ఇప్పుడు జరగాల్సింది కూడా అదే. పైగా ఈ రంగంలో మొదటి ఉద్యోగానికే అనుభవం అడుగుతారు. చాలామంది హెల్ప్ డెస్క్‌లోనో, నెట్‌వర్క్ పనిలోనో కొన్నేళ్లు ఉండి అటు వెళ్తారు. బ్రోషర్లలో ఈ మాట చిన్న అక్షరాల్లో కూడా ఉండదు.

హార్డ్‌వేర్ డిప్లొమా తప్పేం కాదు గానీ, అదొక్కటే అయితే దారి ఇరుకవుతోంది. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది, దాన్ని విప్పి మార్చడం కుదరదు. డిస్క్‌ల పని ఇప్పుడు ఎక్కువగా డేటా సెంటర్లలో ఉంది. నా ఓటు డిగ్రీకే. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ బాగా చెప్పే చోటు చూడండి, కాలేజీ పేరు తర్వాత. సర్వర్లు, స్టోరేజ్, సెక్యూరిటీ, ఏ దారి పట్టాలన్నది మూడో ఏడాదిలో తేల్చుకోవచ్చు. పోలిక ఇంతేనా అంటే ఇంతే. ఇలా ఒక్కొక్కటీ మార్చి, చూసి, రాసుకునే పిల్లవాడు మూడింటిలో ఎందులో చేరినా నిలబడతాడు. మీరు నిద్ర మానుకోవాల్సిన కేసు కాదిది.

ఈ వారం ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనివ్వండి. అది వచ్చేదాకా ఆ కంప్యూటర్ ఆన్ చేయొద్దనండి. చప్పుడు పెరిగి డిస్క్ అసలు కనిపించకుండా పోతే, ఇంట్లో ఆ డిస్క్ మూత మాత్రం విప్పకూడదు. అప్పుడది డేటా రికవరీ వాళ్ల పని.

మీవాడికి ఇంకో మాట చెప్పండి. డిస్క్ బాగానే కనిపిస్తున్నా విండోస్ నీలం తెరతో ఆగిపోయిందని రెండు చోట్ల రాశాడు. ఆ రెండు రోజులూ గడియారం పాత సంవత్సరం చూపించిందని కూడా రాశాడు, కానీ రెండింటినీ కలిపి చూడలేదు. మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోతే బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్, తన సెట్టింగులు మర్చిపోతుంది. అందులో సాటా మోడ్, అంటే డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ నుంచి పాతదైన ఐడీఈకి మారిపోయినా విండోస్ అలాగే ఆగిపోతుంది. ప్లగ్ తీసేసి ఆ సీఆర్2032 బ్యాటరీ మార్చి, బయోస్‌లో తేదీతో పాటు ఆ మోడ్ కూడా ముందున్నట్టే ఉందో లేదో చూడమనండి.