మీరడిగారు: డానిష్ సిద్దిఖీ మరణంలో తేలినదేమిటి, తేలనిదేమిటి?

ప్రశ్న: ఫొటో జర్నలిస్టు డానిష్ సిద్దిఖీ ఎదురుకాల్పుల్లో పోయారని కొందరు, తాలిబన్లు పట్టుకుని చంపారని కొందరు అంటారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు ఎవరూ కాదనని సంగతులు చూద్దాం. 2021 జులై 14న పాకిస్థాన్ సరిహద్దును ఆనుకుని ఉన్న అఫ్గాన్ పట్టణం స్పిన్ బోల్దక్ తాలిబన్ల చేతికి చిక్కింది. అవతలున్న పాకిస్థాన్ పట్టణం చమన్ వైపు సరుకు లారీలు వెళ్లేది ఆ దారినే. దాన్ని తిరిగి పట్టుకోవడానికి అఫ్గాన్ ప్రత్యేక దళాలు బయల్దేరాయి. కాందహార్‌లో ఆ దళాలతో ఉంటున్న రాయిటర్స్ వార్తా సంస్థ ఫొటోగ్రాఫర్ డానిష్ కూడా వాళ్ల వెంట వెళ్లారు. 16వ తేదీ శుక్రవారం పేలుడు ముక్క తగిలి చేతికి గాయమైందని, చికిత్స చేశారని ఆయనే తన సంస్థకు చెప్పారు. ఆ రోజే ప్రాణం పోయింది.

వివాదం ఆ మధ్య గంటల గురించి. ఆయన దుకాణదారులతో మాట్లాడుతుండగా తాలిబన్లు మళ్లీ దాడి చేశారని ఒక అఫ్గాన్ కమాండర్ మొదట చెప్పారు. ఆగస్టులో రాయిటర్స్ సొంతంగా ఆరా తీసి ప్రచురించిన కథనంలో సంగతులు వేరుగా ఉన్నాయి. గాయపడిన ఆయన్ను చికిత్స కోసం దగ్గర్లోని మసీదుకు చేర్చారు. పోరు ముదిరి దళాలు వెనక్కి తగ్గినప్పుడు ఆయన, తోడుగా ఉన్న ఇద్దరు కమాండోలు అక్కడే ఉండిపోయారు. వాళ్లూ వాహనాల్లో ఎక్కేశారని మిగతావాళ్లు పొరబడ్డారు. ప్రత్యేక దళాల అప్పటి అధిపతి మేజర్ జనరల్ హైబతుల్లా అలిజాయ్ స్వయంగా చెప్పిన మాట ఇది. డానిష్‌ను పట్టుకుని చంపారన్న ఆరోపణను తాలిబన్ ప్రతినిధి జబీహుల్లా ముజాహిద్ ఖండించారు.

కాబట్టి ‘ఎలా చనిపోయారు’ అన్న ఒక్క ప్రశ్నను మూడుగా విడదీయాలి. ఎందుకు వెనక ఉండిపోయారు? ప్రాణం తీసిన తూటా ఎవరిది, ఏ పరిస్థితిలో పేలింది? ఆ తర్వాత దేహాన్ని ఏం చేశారు? మొదటిదానికి జవాబు దొరికింది. మూడోదానికి బలమైన ఆధారం ఉంది. రెండోదే తెమలలేదు.

ప్రశ్న: చనిపోయాక కూడా కాల్చారని ఎలా చెప్పగలిగారు?
– ఒక నర్సింగ్ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: రాయిటర్స్ సంప్రదించిన బ్రిటిష్ బాలిస్టిక్స్ (తుపాకులు, తూటాల పరిశీలన) నిపుణుడు ఫిలిప్ బాయ్స్ రెండు రకాల ఆధారాలు పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి, దాడి జరిగిన కాసేపటికే సోషల్ మీడియాలోకి వచ్చిన ఫొటోలు. రెండు, దేహం తాలిబన్ల నుంచి తిరిగొచ్చాక తీసిన ఫొటోలు, ఎక్స్‌రేలు. చనిపోయాక కూడా డానిష్ మీద పలుమార్లు కాల్పులు జరిగినట్టు స్పష్టంగా కనిపిస్తోందని బాయ్స్ తేల్చారు.

మీ చదువుకు పనికొచ్చే సంగతి ఒకటుంది. గుండె కొట్టుకుంటున్నప్పుడు తగిలిన తూటా చుట్టూ కండరంలోకి రక్తం ఇంకుతుంది. చనిపోయాక తగిలిన గాయం చుట్టూ అది దాదాపు ఉండదు. తుపాకీని దగ్గరగా పెట్టి కాలిస్తే బట్ట మీదో చర్మం మీదో మసి, మందు రేణువులు అంటుకుంటాయి. ఎక్స్‌రేలో సీసం ముక్కలు తెల్లగా కనబడతాయి గానీ, అవి ప్రాణం ఉండగా దిగాయా, పోయాక దిగాయా అన్నది ఎక్స్‌రే ఒక్కటే చెప్పదు. అందుకే దాడి జరిగిన కాసేపటికే వచ్చిన ఫొటో అంత విలువైనది. దాంతోనూ ఒక చిక్కుంది. వాట్సాప్, ఫేస్‌బుక్ మీదుగా వచ్చిన ఫొటోలో తీసిన సమయం, చోటు చెప్పే సమాచారం చెరిగిపోతుంది. పోస్టు చేసిన వేళ కనిపిస్తుంది, క్లిక్ చేసిన వేళ కాదు.

బాయ్స్ మాటను దాని హద్దులోనే ఉంచండి. దేహం మీద కాల్చారని అది చెబుతుంది, ప్రాణం తీసిందెవరో చెప్పదు. ఈ రెంటినీ కలిపేసి రాసిన కథనాలు చాలా వచ్చాయి.

ప్రశ్న: బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఉన్నా చేతికి గాయమెలా అయింది?
– ఒక జర్నలిజం విద్యార్థి, హైదరాబాద్

జవాబు: జాకెట్ కాపాడేది ఛాతీ, వీపు, పొట్ట పైభాగం. లోపలి మెత్తటి పొర పిస్తోలు తూటాను, చాలా రకాల పేలుడు ముక్కలను ఆపుతుంది. రైఫిల్ తూటా ఆగాలంటే ముందూ వెనకా సుమారు 25×30 సెంటీమీటర్ల గట్టి ప్లేట్లు ఉండాలి. హెల్మెట్‌తో కలిపి బరువు పది కిలోలు దాటడం మామూలే. చేతులు, తొడలు, మెడ బయటే ఉంటాయి. రాకెట్ ముక్కలు ఎక్కువగా పట్టేది వాటినే.

అందుకే యుద్ధ వార్తలకు వెళ్లేవారి శిక్షణలో జాకెట్ కన్నా ముందు రక్తం ఆపడం నేర్పుతారు. చేయో కాలో ధారగా కారుతుంటే టూర్నికే పట్టీని గాయానికి 5–8 సెంటీమీటర్ల పైన, కీలు మీద పడకుండా కట్టాలి. రక్తం ఆగేదాకా పట్టీకున్న పుల్లను తిప్పి బిగించాలి. కట్టిన సమయం పట్టీ మీదే రాయాలి. నొప్పికి ఓర్చుకోలేక మధ్యలో వదులు చేయడమే ఎక్కువగా జరిగే తప్పు. ఇంకొకటి కూడా నేర్చుకోండి: దళం కదిలేటప్పుడు తల లెక్కపెట్టేది ఎవరు, మీరు ఏ బండిలో, బండి తప్పితే ఎక్కడ కలుసుకోవాలి. ఇవి బయల్దేరే ముందే అడిగి రాసుకోవాలి. స్పిన్ బోల్దక్‌లో తప్పింది సరిగ్గా ఈ లెక్కే.

ప్రశ్న: ఆయన పనిలో ముందుగా ఏది చూడాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: 2017 సెప్టెంబరులో బంగ్లాదేశ్‌లోని షా పరీర్ ద్వీపం ఒడ్డున తీసిన ఫొటో చూడండి. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చి పడవ దిగిన రోహింగ్యా మహిళ ఒకరు సొమ్మసిల్లినట్టు కూలబడి తడి ఇసుకను చేత్తో తాకుతుంటారు. తుపాకీ లేదు, నెత్తురు లేదు. రోహింగ్యాల మీద రాయిటర్స్ బృందం చేసిన పనికి 2018లో పులిట్జర్ పురస్కారం వచ్చింది, అందులో డానిష్ ఉన్నారు. మన దేశపు కోవిడ్ ఫొటోలకు 2022లో మరోసారి, ఆయన పోయాక. ఢిల్లీ జామియా విశ్వవిద్యాలయంలో చదివి టీవీ రిపోర్టరుగా మొదలై, 2010లో ఇంటర్న్‌గా రాయిటర్స్‌లో చేరి అక్కడిదాకా వెళ్లారు.

ప్రశ్న: డానిష్ మరణంపై కేసు ఎక్కడిదాకా వచ్చింది? భారతదేశం అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో సభ్యురాలు కాదు కదా?
– ఒక న్యాయవాది, కర్నూలు

జవాబు: కాదు, కానీ అది అడ్డు రాదు. నేరం జరిగిన చోటు అఫ్గానిస్థాన్, ఆ దేశం 2003 నుంచి సభ్య దేశమే. బాధితుడి పౌరసత్వంతో పని లేదు. 2022 మార్చిలో ఆయన తల్లిదండ్రులు తాలిబన్ అగ్రనేతలపై ఆ కోర్టులో ఫిర్యాదు చేశారు. సైన్యం వెంట వెళ్లినంత మాత్రాన జర్నలిస్టు సైనికుడైపోడు. గాయపడి చేతికి చిక్కినవారిని చంపడం జెనీవా ఒప్పందాల ఉమ్మడి 3వ అధికరణం ప్రకారం నిషిద్ధం, ఆ కోర్టు చట్టంలో యుద్ధ నేరం. మృతదేహాన్ని అవమానించడం కూడా విడిగా నేరమే. అంటే ప్రాణం తీసింది ఎవరో తేలకపోయినా దేహానికి జరిగినదానిపై విచారణకు దారి ఉంది. 2025 జులైలో ఆ కోర్టు ఇద్దరు తాలిబన్ నేతలపై వారెంట్లు జారీ చేసింది. కానీ అవి మహిళలు, బాలికలపై పీడన కేసులో ఇచ్చినవి. వాటిలో డానిష్ హత్యారోపణ లేదు.