గాలానికి ముల్లు చేప పడితే: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు గాలం కొన్నావనీ, కాలువలు కట్టేసే లోపే రెండు ఆదివారాలు లాకుల దగ్గర కూర్చున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. శీలావతులో బొచ్చెలో పడితే నీకు నా సలహా అక్కర్లేదు. అయితే వానపామును కొక్కేనికి గుచ్చి, ఎరను బురద దాకా దింపి, సందె వేళ బెండు వైపు చూస్తూ కూర్చునేవాడికి ముందుగా తగిలేవి జెల్లలూ ఇంగిలాయిలే. వాటి రెక్కల మొదట్లో విషపు ముళ్ళు ఉంటాయి, ఆ సంగతి తెలుసుకోకుండా చెయ్యి పెడితే ఆ రాత్రి నిద్ర ఉండదు కాబట్టి, నాకు తెలిసింది వివరంగా వ్రాస్తున్నాను.

ముందుగా ఆ చేపలను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఇంగిలాయి ఒంటి మీద పొలుసులు ఉండవు. నలుపూ ఎరుపూ కలిసిన రంగులో, జానెడు పొడవున, తల బల్లపరుపుగా అణిగి, నోటి చుట్టూ నాలుగు జతల మీసాలతో ఉంటుంది. మార్పు చేప కూడా దూరం నుంచి అలాగే కనిపిస్తుంది గాని, దాని వీపు మీది రెక్క తోక దాకా సాగి ఉంటుంది, ఇంగిలాయికైతే వీపు మీద బొటనవేలి గోరంత చిన్న రెక్క మాత్రమే ఉంటుంది. ఆ చిన్న రెక్కలో ముల్లు లేదు. దాని ఆయుధాలు రెండూ మొప్పల వెనుక అటొకటి ఇటొకటి ఉండే పక్క రెక్కల మొదట్లో ఉంటాయి. జెల్లకు ఆ రెండింటితో పాటు వీపు మీద మూడో ముల్లు కూడా ఉంటుంది. విషం తీవ్రతలో ఇంగిలాయిదే పైచేయి, అది పొడిస్తే చెయ్యి భుజం దాకా లాగుతుంది.

ఆ ముల్లు ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగిలిన జాగ్రత్తలన్నీ నీకే తోస్తాయి. ముల్లు గట్టి ఎముక, దాని లోపలి అంచున రంపపు పళ్ళ వంటి గరుకు ఉంటుంది. పాము కోరలో ఉన్నట్లు దానిలో గొట్టమేమీ ఉండదు. విషం ఆ ముల్లును కప్పి ఉన్న పలుచని చర్మపు తొడుగులోని కణాలలో ఉంటుంది, ముల్లు మన ఒంట్లో దిగేటప్పుడు ఆ తొడుగు చిరిగి విషం గాయంలో పడుతుంది. చేపకు బెదురు పుట్టగానే ముళ్ళు రెండు పక్కలకూ విచ్చుకుని, మొదట్లో ఉన్న కీలు బిగుసుకుపోతుంది. ఒక జెల్లను ఒడ్డుకు లాగినప్పుడు చెవి దగ్గర పెట్టుకోకుండానే విను, కిర్రు కిర్రుమని సన్నని చప్పుడు వినిపిస్తుంది. అది నోటితో చేసే అరుపు కాదు, ముల్లు మొదలు తన గూటిలో రాసుకుంటున్న చప్పుడు. అలా బిగిసిన ముల్లును వేలితో వెనక్కి నొక్కి మడవాలని ఎన్నడూ ప్రయత్నించవద్దు. చేప చచ్చినా అది నిలబడే ఉంటుంది, తొడుగులో విషమూ ఉంటుంది.

మరో సంగతి, చిన్న చేపే కదా అని లోకువ కట్టవద్దు. పెద్ద జెల్లల ముళ్ళు వాడకంలో కొంత మొద్దుబారతాయి, వేలెడంత పిల్లవి మాత్రం సూదుల్లా ఉంటాయి.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. నలభై ఏళ్ళ కిందట ఒక మబ్బు పట్టిన సాయంత్రం నాకు పంట బోదెలో ఆరు ఇంగిలాయిలు పడ్డాయి. ఒక్కటి కూడా నన్ను పొడవలేదు, ఆ గర్వంతోనే వాటిని నీళ్ళు లేని బిందెలో వేసి, పైన తడిగుడ్డ కప్పి, వంటింటి గుమ్మం పక్కన పెట్టి స్నానానికి వెళ్ళాను. ఒడ్డున పట్టి అప్పటికి మూడు గంటలు దాటింది, అవి చచ్చే ఉంటాయనుకున్నాను. కాని ఇంగిలాయికి మొప్పలతో పాటు వీపు పొడవునా రెండు గాలి తిత్తులు ఉంటాయి, తడి ఆరకుండా ఉంటే అది నీళ్ళు లేకుండానే గంటల తరబడి బతుకుతుంది. బిందె ఖాళీదనుకుని మీ అమ్మ అందులో చెయ్యి పెట్టింది. ఆమెకు అప్పుడు పన్నెండేళ్ళు. కుడిచేతి చూపుడు వేలి కణుపు దగ్గర ముల్లు దిగింది. తెల్లవారుజాము దాకా ఆమె ఏడుస్తూనే ఉంది, నేను గుమ్మం అవతల కూర్చున్నాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, అడిగితే చూపిస్తుంది.

అందుకే నా మొదటి నియమం ఇది: ముళ్ళు తీయని చేప ఒడ్డు దాటి ఇంటికి రాకూడదు. చేప పడగానే దాన్ని గాలిలో ఊపుతూ నీ వైపు లాక్కోవద్దు, ఊగుతూ వచ్చి నీ తొడకో పక్కవాడి భుజానికో తగులుతుంది. గట్టి నేల మీదికి జార్చి, తాడును బిగువుగా పట్టుకుని, పొడవు మూతి పటకారుతో కొక్కెం కాడను పట్టి తిప్పి ఊడదీయాలి. గుడ్డ చుట్టుకుని పట్టుకుంటే చాలనుకుంటారు గాని, ఆ ముల్లు గుడ్డనే కాదు, పలుచని రబ్బరు చెప్పును కూడా తేలిగ్గా దాటుతుంది. కాలితో తొక్కిపట్టే అలవాటు కూడా వద్దు. చేప తినాలనుకుంటే తల మీద కర్రతో ఒక్క దెబ్బ గట్టిగా కొట్టి, కదలిక ఆగిన తరువాత తీగలు కత్తిరించే ప్లయరుతో ముళ్ళను మొదటికంటా తుంచాలి. తుంచిన ముళ్ళను అక్కడే పారేయవద్దు, రేపు చెప్పుల్లేకుండా గేదెలను తోలుకొచ్చే పిల్లవాడు వాటిని తొక్కుతాడు. ఒక సీసాలో వేసి మూత పెట్టు. తినడం నీకు ఇష్టం లేకపోతే, కొక్కెం దగ్గరగా తాడు కోసి నీళ్ళలోకి వదిలేయడమే మేలు, ఒక కొక్కెం ఖరీదుకు వెనుకాడవద్దు.

ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకప్పుడు ముల్లు తగులుతుంది. ఆనాడు మా ఇంట్లో వేలికి తాడు కట్టారు, సున్నం రాశారు, ఎవరో కిరసనాయిలు పోయమన్నారు. ఇవేవీ చేయకూడదు, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం అసలే కూడదు. చేయవలసింది వేడి నీళ్ళు పట్టడం. ఈ విషం మాంసకృత్తులతో తయారైనది, వేడికి దాని గుణం చెడుతుంది. గాయాన్ని మంచినీళ్ళతో కడిగి, పైకి కనిపించే ముల్లు ముక్క ఉంటే తీసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, అంటే 45 డిగ్రీలకు మించని నీళ్ళలో, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచాలి. నీళ్ళ వేడిని నొప్పి లేని చేతితోనే చూసుకోవాలి, ఎందుకంటే పొడిచిన చెయ్యి ఆ బాధలో కాలినా తెలియదు. చల్లారుతున్న కొద్దీ కొంచెం కొంచెం వేడి నీళ్ళు కలుపుతూ ఉండాలి. అందుకే నేను గాలానికి వెళ్ళినప్పుడల్లా టీ ఫ్లాస్కుతో పాటు వేడి నీళ్ళ ఫ్లాస్కు ఇంకొకటి తీసుకువెళతాను, స్నేహితులు ఎంత నవ్వినా సరే.

నొప్పి తగ్గినంత మాత్రాన పని అయిపోలేదు. బురద నీటి సూక్ష్మజీవులు గాయంలో మిగిలి ఉంటాయి కాబట్టి ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నావో చూసుకోవాలి. ముల్లు లోపల విరిగిందన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించాలి. మరునాటికి వాపు పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. చక్కెర జబ్బు, కాలేయ జబ్బు ఉన్నవారు అంతదాకా ఆగకుండా వెంటనే వెళ్ళాలి. ఊపిరి ఆడకపోవడం, మొహం వాయడం, వాంతులు, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే 108కి ఫోను చేయడంలో ఒక్క నిమిషం ఆలస్యం చేయవద్దు.

నువ్వు అంతర్వేది వైపు కూడా వెళతానన్నావట. గోదావరి సముద్రంలో కలిసే ఆ నీళ్ళలో టేకు చేప, అంటే ఇంగ్లీషులో స్టింగ్‌రే అనేది, ఇసుకలో ఒదిగి పడుకుంటుంది, దాని తోక మీద రంపపు ముల్లు ఉంటుంది. నీళ్ళలో నడిచేటప్పుడు పాదం ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే అది అలికిడికి తప్పుకుంటుంది. గాలానికి టేకు పడితే నీవంటి కొత్తవాడు తాడు కోసేయడం తప్ప వేరే ఆలోచన పెట్టుకోకూడదు. 2006లో ఆస్ట్రేలియాలో టీవీలో వన్యప్రాణుల కార్యక్రమాలు చేసే స్టీవ్ ఇర్విన్ అంతటి అనుభవజ్ఞుడు టేకు ముల్లు ఛాతీలో దిగి చనిపోయాడు. ఛాతీలోనో పొట్టలోనో దిగిన ముల్లును అక్కడికక్కడే లాగకూడదు, అలాగే ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

తినడం మాటకు వస్తే, మీ నాన్న భయపడినట్లు ఈ చేపల మాంసంలో విషం లేదు. విషమంతా ముల్లు తొడుగులోనే, అది కూడా పొయ్యి మీద నిలవదు. బెంగాల్లో జ్వరం నుంచి కోలుకునే వాళ్ళకు ఇంగిలాయి పులుసు ఏరికోరి పెడతారు. అయితే ఈ మాట అన్ని చేపలకూ వర్తించదు: బయటికి తీయగానే పొట్ట బంతిలా ఉబ్బించుకునే చేప విషం ఎంత ఉడికించినా పోదు, అది ప్రాణాంతకం, దాన్ని ఇంటికి తేవద్దు.

ఇంగిలాయి విషయంలో చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. నీళ్ళు చెడితే శీలావతులు ముందుగా తేలిపోతాయి, ఇంగిలాయి మాత్రం గాలి పీల్చుకుంటూ మురుగు కాలువలో కూడా హాయిగా బతుకుతుంది. కాబట్టి అది చురుకుగా ఉన్నంత మాత్రాన ఆ నీళ్ళు మంచివని అనుకోవద్దు, పట్టిన చోటును బట్టే తినాలో వద్దో తేల్చుకో.

శుభ్రం చేయడానికి జల్లించిన బూడిదే మంచిది. చేపను బూడిదలో దొర్లిస్తే జిగురంతా దానికి పట్టుకుంటుంది, చెయ్యి జారదు. కడిగిన తరువాత కల్లుప్పు, చింతపండు గుజ్జు వేసి రుద్ది, మళ్ళీ కడిగి, మొప్పలూ పేగులూ తీసి, కత్తిపీట మీద ముక్కలు కోయాలి. ముళ్ళు తుంచిన చోట మొదళ్ళు మిగిలితే ఆ ఎముకలను కూడా కోసి పారేయి. పులుసు కాస్త చిక్కగా, పుల్లగా ఉండాలి. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా గిన్నెను పట్టుకుని కుదపమని మీ అమ్మ చెబుతుంది, ఆ విషయంలో ఆమె మాటే ఖాయం.

ఈసారి చేపలు తెచ్చినప్పుడు గిన్నెను ఆమె చేతికి ఇచ్చే ముందు అందులో ఏమున్నదో, ఎన్ని ఉన్నాయో, ముళ్ళు అన్నీ తీశావో లేదో నోరు తెరిచి చెప్పు. ప్లయరు లేకపోతే నా పాతది పంపిస్తాను, కీలు తుప్పు పట్టింది గాని రెండు చుక్కల నూనె వేస్తే చక్కగా పనిచేస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య