ఎస్‌ఎఫ్-86 ఫారంలో తాతగారి రెండెకరాలు

ప్రశ్న: మా బాబు కంప్యూటర్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. చిన్నప్పుడే మాతో టెక్సాస్ వచ్చాడు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ అమెరికా పౌరులమే. రక్షణ శాఖకు పనులు చేసే ఒక కంపెనీ వాడికి ఆఫర్ ఇచ్చింది, కానీ ‘సీక్రెట్’ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి) వస్తేనే చేరాలట. మాకు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డులున్నాయి. మా నాన్నగారి వీలునామా ప్రకారం ఊళ్లో రెండెకరాలు వాడి పేరుకు వచ్చాయి. మా తమ్ముడు అక్కడ రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఇవి చాలవన్నట్టు, కాలేజీలో రెండుసార్లు గంజాయి తాగానని వాడు మొన్ననే బయటపెట్టాడు. క్లియరెన్స్ విచారణ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో ఇండియా సంగతులు ఎంత తక్కువ రాస్తే అంత మంచిదని తెలిసినవాళ్లు చెబుతున్నారు. వీటిలో ఏవి వదిలేయొచ్చు?

జవాబు: ఏదీ వదలకూడదమ్మా. ఆ సలహా ఇచ్చినవాళ్లు మీ మంచి కోరే ఇచ్చి ఉంటారు, కానీ అంతకంటే ప్రమాదకరమైన సలహా ఇంకోటి లేదు. మీరు రాసిన నాలుగు విషయాల్లో ఏ ఒక్కటీ దానంతట అది ఈ ఉద్యోగాన్ని చెడగొట్టదు. దాచితే మాత్రం నాలుగింటిలో ఏదైనా చెడగొడుతుంది.

ముందు అసలు పద్ధతి చెబుతాను. క్లియరెన్స్‌కి ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోవడం ఉండదు. కంపెనీయో ప్రభుత్వ శాఖో ‘ఈ పనికి ఈ మనిషి కావాలి’ అని పంపితేనే విచారణ మొదలవుతుంది. ఖర్చంతా ప్రభుత్వానిదే, మీరు ఒక్క డాలరు కూడా కట్టక్కర్లేదు. డబ్బిస్తే క్లియరెన్స్ తెప్పిస్తామనే వాళ్లు మోసగాళ్లు. అమెరికా పౌరులే అర్హులు, గ్రీన్‌కార్డు సరిపోదు. మీ అబ్బాయి ఈ గడప దాటేశాడు.

స్థాయిలు మూడు: కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్. 2009 నాటి అధ్యక్ష ఉత్తర్వు 13526 వీటిని సమాచారం బయటికి పొక్కితే దేశభద్రతకు ఎంత హాని అనే కొలతతో విడదీసింది. మొదటిదానికి హాని, రెండోదానికి తీవ్రమైన హాని, మూడోదానికి అసాధారణమైన ఘోర హాని. ఇక్కడ చాలామంది ఒకటి పొరబడతారు. సీక్రెట్ క్లియరెన్స్ వచ్చినంత మాత్రాన సీక్రెట్ కాగితాలన్నీ చూడొచ్చని కాదు. రహస్యాలు బయటపెట్టనని ఎస్‌ఎఫ్-312 ఒప్పందం మీద సంతకం చేయాలి. ఆ తర్వాత కూడా తన పనికి అవసరమైనవే చూడాలి. పక్క టేబుల్ మీద ఫైలు కూడా అదే స్థాయిదే కావచ్చు, పని లేకపోతే తెరవకూడదు.

ఇక ఫారం. ఎస్‌ఎఫ్-86 ప్రింటు తీస్తే నూరు పేజీలు దాటుతుంది. ఇప్పుడు ఈ-యాప్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నింపిస్తున్నారు. పదేళ్లలో ఉన్న ఇళ్లు, చదివిన చోట్లు, చేసిన పనులు ఖాళీ లేకుండా నెలలతో సహా కావాలి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి మూడో సంవత్సరం వేసవిలో రెండు నెలలున్న గది నంబరు గుర్తు రాలేదు. నలుగురితో కలిసి ఉన్న గది, అద్దె ఒప్పందం వీడి పేరున లేదు. గంటసేపు తల పట్టుకున్నాక పాత పిజ్జా డెలివరీ మెయిల్‌లో నంబరు దొరికింది! పైగా ఆ ఇంట్లో తనను ఎరిగిన మనిషి పేరు, ఫోను నంబరు కూడా ఇవ్వాలి. కాబట్టి మీ వాణ్ని ఫారం తెరవకముందే ఒక నోటు పుస్తకంలో అన్నీ రాసుకోమనండి.

మన పేర్లదీ ఒక తంటా. ఇంటిపేరు ఒక పాస్‌పోర్టులో ముందు, ఇంకోదాంట్లో వెనక, స్కూల్లో ఉత్త అక్షరం. వాడిన ఇతర పేర్ల కోసం ఫారంలో చోటుంది, అన్ని రూపాలూ అక్కడ రాయాలి. మగపిల్లలను సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ప్రభుత్వం ఉంచుకునే జాబితాలో, పేరు నమోదైందా అని కూడా అడుగుతుంది. గ్రీన్‌కార్డున్న అబ్బాయిలకు 18 ఏళ్లకే ఆ బాధ్యత వచ్చేస్తుందని మనవాళ్లలో చాలామందికి తెలియదు. అదొకటి ఇవాళే చూడండి.

ఇప్పుడు మీ నాలుగు సంగతులు. నిర్ణయం తీసుకునేవాళ్లు 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల ప్రకారం చూస్తారు. విదేశీ ప్రభావం, విదేశం పట్ల మొగ్గు, డబ్బు వ్యవహారాలు, మత్తుమందులు, వ్యక్తిగత ప్రవర్తన వగైరా. ఒక తప్పు పట్టుకుని కొట్టేయడం కాకుండా మనిషి మొత్తాన్ని తూచమని అందులోనే ఉంది.

ఓసీఐ పేరులో సిటిజన్ అన్న మాట ఉన్నా అది పౌరసత్వం కాదు. భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. కార్డుందని చెప్పాలి, ఎందుకు తీసుకున్నారంటే వీసా బెడద లేకుండా బంధువులను చూసి రావడానికని చెబితే సరి. ఇంకో మాట. నిజంగా రెండు పౌరసత్వాలున్నా అదొక్కటే అనర్హత కాదని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది, దాన్ని దాచబోతే తప్ప.

పొలం విదేశీ ఆస్తుల భాగంలోకి వెళుతుంది. ఎప్పుడు ఎలా వచ్చింది, సుమారు విలువెంత, కౌలు వస్తుంటే ఎంత అనేవి రాయాలి. వాళ్లు చూసేది ఒక్కటే. ఈ ఆస్తిని అడ్డం పెట్టి ఎవరైనా ఇతని మెడలు వంచగలరా? బతుకూ సంపాదనా అమెరికాలో ఉన్న కుర్రాడికి తాత ఇచ్చిన రెండెకరాలు అంత బరువు కావు. హడావుడిగా ఇంకొకరి పేరుకు మార్చేయకండి, అది చూసేవాళ్లకు వేరేలా కనిపిస్తుంది.

మేనమామ విషయం కొంచెం జాగ్రత్తగా రాయాలి. దగ్గరి అనుబంధం ఉండి తరచూ మాట్లాడుకునే విదేశీయులను విదేశీ పరిచయాల్లో చూపాలి. ఆ మనిషి అక్కడి ప్రభుత్వోద్యోగి అయితే ఆ మాటా చెప్పాలి. పండక్కి ఫోను చేసుకుంటారా, వారం వారం వీడియో కాలా, ఉన్నది ఉన్నట్టు రాయమనండి.

గంజాయి సంగతి మీకు ఎక్కువ నిద్ర పట్టనివ్వడం లేదని అర్థమైంది. రాష్ట్రం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఫెడరల్ చట్టం దృష్టిలో అది నేరమే. ఎస్‌ఎఫ్-86 గత ఏడేళ్ల లెక్క అడుగుతుంది. కానీ గతంలో సరదాకి వాడటం ఒక్కటే నిర్ణయాత్మకం కాకూడదని నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ 2021 చివర్లో శాఖలకు సూచించారు. ఎప్పుడు, ఎన్నిసార్లు, మళ్లీ ముట్టనని రాస్తే చాలా కేసుల్లో దారి ఉంటుంది. ఫారం మీద సంతకం పెట్టాక ముట్టుకుంటే మాత్రం ఎవరూ కాపాడలేరు. అప్పటి రూమ్మేట్‌ను విచారణాధికారి అడిగితే, మీ వాడు ‘లేదు’ అని రాసిన చోట అతను ‘అవును’ అంటే అప్పుడది గంజాయి కేసు కాదు, అబద్ధం కేసు. తెలిసి తప్పు రాస్తే ఐదేళ్ల వరకు జైలు పడే నేరం కూడా.

మీరు అడగని విషయం ఒకటి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది, అప్పులు. చదువు కోసం అప్పు ఉండటం తప్పు కాదు, వాయిదాలు ఎగ్గొట్టడం, పన్ను రిటర్నులు వేయకపోవడం తప్పు. క్రెడిట్ రిపోర్టు ముందే తెప్పించి చూసుకోమనండి.

అనుమతి నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇస్తారు. మీ వాడికి ఆఫర్ ఇచ్చినలాంటి కాంట్రాక్టరు కంపెనీల ఉద్యోగులైతే పరిపాలనా న్యాయమూర్తి ముందు వాదించుకోవచ్చు. ఆ తీర్పులు పేర్లు తీసేసి నెట్‌లో పెడతారు. భారత మూలాలున్న వాళ్లవీ ఉన్నాయి, ఓపికుంటే నాలుగు చదవండి. అయితే క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని సుప్రీంకోర్టు 1988లోనే ఈగన్ కేసులో చెప్పింది. సందేహం మిగిలితే దేశభద్రత వైపే మొగ్గుతారు. అందుకే అది చేతికొచ్చేదాకా ఇంకో ఆఫర్‌ను తోసిపుచ్చొద్దని చెప్పండి.

వచ్చాక కూడా ఇంట్లో కొన్ని మారతాయి. ఇండియా ప్రయాణమైతే ముందే ఆఫీసుకు తెలపాలి. రేపు మీరు అక్కడి పిల్లను చూసి, మాట్లాడుకోవడం మొదలైతే ఆ సంబంధం సంగతీ చెప్పాలి. ఏం పని చేస్తున్నాడని బంధువులు అడిగితే ‘కంప్యూటర్ పని’ అని ఊరుకోవడం మీకు కొంచెం కష్టమే!

ఫారంలో మీ పుట్టిన తేదీ కూడా అడుగుతారు. మన తరంలో బడిలో మేష్టారు వేసినది ఒకటి, అసలుది ఇంకొకటి. మీ పౌరసత్వ పత్రం మీద ఏది ఉందో అదే రాయించండి. వాడు ఏటా మీకు శుభాకాంక్షలు చెప్పే రోజు వేరైతే, ఆ ముక్క వ్యాఖ్యల గడిలో ఒక వాక్యంగా పెట్టమనండి.