చెరువు గట్టు మీద కాపలా కుక్కకు ఎలాంటి బెల్టు కొనాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కాళ్ళ మండలం. పన్నెండు ఎకరాల రొయ్యల చెరువులు లీజుకు తీసుకుని చేస్తున్నాం. రాత్రి కాపలాకు టైగర్ అని ఓ నాటు కుక్క ఉంది, ఇరవై రెండు కేజీలుంటుంది. మెడ బెల్టు పట్టి లాగితే దగ్గుతోందని ఛాతీకి వేసే హార్నెస్ కొన్నాం. నాలుగు నెలలకే కొక్కెం తుప్పు పట్టి ఊడిపోయింది. పైగా అది తొడగాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ముందు కాలు ఎత్తితే కరవబోతోంది. గట్టిగా ఉండేది, చీకట్లో ఒక్కడినే తేలిగ్గా పెట్టుకోగలిగేది ఏదైనా చెప్పండి.

జవాబు: కొత్త బెల్టు సంగతి తర్వాత. ముందు ఈ రోజే టైగర్‌ని నీడలో పడుకోబెట్టి, ముందు కాళ్ళ చంకలు వెంట్రుకలు విడదీసి చూడండి. కాలు ఎత్తితే కరవబోయే కుక్కలకు చాలావాటికి అక్కడ చర్మం ఒరుసుకుపోయి ఉంటుంది. ఉప్పునీటికి తడిసిన పట్టీ నడిచినంతసేపూ అక్కడే రాసుకుంటుంది. పుండు మీద ఈగ వాలితే రెండు రోజుల్లో పురుగులు పడతాయి. పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన నేను అలాంటివి ఎన్నో కడిగాను. పట్టీ కింద గోమార్లు కూడా చేరతాయి. పుండు కనిపిస్తే అది మానేదాకా ఏ బెల్టూ వద్దు. దగ్గు కూడా మెడ బెల్టు తీసేశాక ఆగకపోతే పశువైద్యుడికి చూపించండి, అన్ని దగ్గులూ బెల్టు వల్ల రావు.

ఇక కొనేటప్పుడు నేను మొదట చూసేది వీపు మీది పిడి. ఎందుకో చెబుతాను. ఆరేళ్ళ కిందట మా బావమరిది నర్సరీ చెరువు దగ్గర భీముడు అనే కుక్క ఉండేది. రాత్రి రెండింటికి నీటిపిల్లిని తరుముతూ ప్లాస్టిక్ షీటు పరిచిన గట్టు మీంచి జారి నీళ్ళలో పడింది. షీటు మీద నాచు పట్టి ఉంది, గోళ్ళకు పట్టు దొరకలేదు. పైకి రావడం, జారడం, మళ్ళీ రావడం. నేను బోర్లా పడుకుని మెడ బెల్టు అందుకుని లాగాను. అది తల మీంచి ఊడి నా చేతిలోకి వచ్చేసింది. వల వేసి తీసేసరికి ఊపిరి ఉంది గానీ తెల్లవారకుండానే పోయింది. ఆ బెల్టు ఇప్పటికీ మా వసారాలో మేకుకు వేలాడుతోంది. అందుకే చెరువు దగ్గర తిరిగే కుక్కకు పిడి లేని బెల్టు కొనవద్దని ఎవరడిగినా చెబుతాను.

పిడి ఉంటే సరిపోదు, బరువు మోయాలి. పిడి రెండు కొసలూ పట్టీకి కలిసేచోట కుట్టు చూడండి. చతురస్రంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా మళ్ళీ కుట్టి ఉండాలి. ఒక్క వరస కుట్టుంటే అక్కడే వదిలేయండి. దారం నూలుదైతే తడికి కుళ్ళిపోతుంది, నైలాన్‌దో పాలిస్టర్‌దో కావాలి. ఛాతీ కింద ఒక్క పట్టీయే ఉంటే పైకి ఎత్తినప్పుడు కుక్క తలకిందులుగా వాలిపోతుంది, లేదా వెనక్కి గుంజుకుని తప్పించుకుంటుంది. డొక్కల వెనక నడుము సన్నబడేచోట రెండో పట్టీ ఉన్నది తీసుకోండి. ఇంటికి తెచ్చిన రోజే గట్టి నేల మీద పిడి పట్టుకుని టైగర్‌ని రెండంగుళాలు పైకి లేపి చూడండి. ఎక్కడ జారుతుందో అక్కడే తెలిసిపోతుంది.

తేలిగ్గా పెట్టడం మాటకొస్తే, అది క్లిప్పులు ఎక్కడున్నాయన్న దాని మీద ఉంటుంది. మీ పాతదానికి ఒక పక్కే క్లిప్పు ఉండి ఉంటుంది, అందుకే కాలు ఎత్తి దూర్చాల్సి వస్తోంది. రెండు పక్కలా క్లిప్పులున్నదైతే తల మీంచి వేసి, పొట్ట కింద పట్టీలు రెండూ చెరో పక్క టక్కుమని నొక్కేయొచ్చు. కాలు జోలికే పోనక్కర్లేదు. టార్చి నోట్లో కరుచుకుని కూడా పెట్టొచ్చు, నేను పెట్టాను. క్లిప్పు చిన్నదైతే తడి వేళ్ళకు దొరకదు, పట్టీ వెడల్పు అంగుళంన్నర దాకా ఉన్నది చూడండి. బంకమట్టి దూరితే ప్లాస్టిక్ క్లిప్పు సగమే పడుతుంది. శబ్దం వినిపించాక ఒకసారి లాగి చూడడం అలవాటు చేసుకోండి. గట్టిగా అంటించే వెల్‌క్రో రకాలు మాత్రం మన దగ్గర పనికిరావు. గడ్డి గింజలు, బురద పట్టి నెలలో పట్టు పోతుంది.

లోహం సంగతి మీకు అనుభవమే. మెరిసేదంతా స్టీలు కాదు. షాపుకు చిన్న అయస్కాంతం తీసుకెళ్ళండి. రింగుకు గట్టిగా అతుక్కుంటే చాలావరకు లోపల ఇనుమే, పైన పూత. ఉప్పు గాలికి ఆ పూత నిలవదు. అతుక్కోకపోతే మంచిదేనని నమ్మేయకండి, జింకు కరిగించి పోతపోసిన హుక్కులు కూడా అతుక్కోవు, అవి గుంజితే విరుగుతాయి. స్టెయిన్‌లెస్‌లో 304 రకం పర్వాలేదు, 316 దొరికితే ఉప్పునీటికి అదే మేలు. ఇత్తడి కూడా నిలుస్తుంది. నడుం పట్టీ, పిడి బాగుండి రింగు ఒక్కటే నాసిగా ఉంటే మంచి రింగు కొని, రెగ్జిన్ సీట్లు కుట్టే షాపులో మార్పించుకోండి. కొత్తది కొనే ఖర్చు తప్పుతుంది.

తోలు చూడ్డానికి బాగుంటుంది గానీ ఉప్పునీటికి బిగుసుకుపోతుంది, వానాకాలం బూజు పడుతుంది. పాలిస్టర్ పట్టీ మంచిది. నైలాన్ కూడా గట్టిదే, కాకపోతే నీళ్ళు పీల్చి కాస్త సాగుతుంది, తడిసినప్పుడు ఒకసారి బిగించాలి. లోపల దళసరి స్పాంజి ఉన్నవి వద్దు. మే నెల ఎండల్లో కుక్క ఉడికిపోతుంది, ఆ స్పాంజి తెల్లారేదాకా ఆరదు.

కొలత టైలరు టేపుతో తీయండి, కళ్ళతో అంచనా వేయకండి. ముందు కాళ్ళ వెనక ఛాతీ బాగా వెడల్పుగా ఉన్నచోట చుట్టుకొలత, మెడ మొదట్లో చుట్టుకొలత రాసుకోండి. పట్టీ మోచేతికి మూడు నాలుగు వేళ్ళ దూరంలో వెనక పడాలి, కింద రెండు వేళ్ళు దూరాలి. ముందు భాగం రొమ్ము ఎముక మీద వై అక్షరంలా కలిసేది తీసుకోండి. భుజాలకు అడ్డంగా పట్టీ పోయేవి పరుగెత్తే కుక్క కాళ్ళను పట్టేస్తాయి.

ఇంకో మాట. మనిషి దగ్గర లేకుండా విప్పి వదిలేసినప్పుడు హార్నెస్ తీసేయండి. పక్షుల వలకో, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటరుకో చిక్కుకుంటే దగ్గర ఎవరూ ఉండరు. తెల్లారాక మంచినీళ్ళతో సబ్బు పెట్టి కడిగి నీడన ఆరేయండి, ఎండకు దారం చివుకుతుంది. బ్లీచింగు నీళ్ళలో మాత్రం నానబెట్టకండి, నైలాన్ పాడవుతుంది. వేరే రైతు చెరువుకు టైగర్‌ని తీసుకెళ్ళాల్సి వస్తే బెల్టు కడిగి పూర్తిగా ఆరాకే తీసుకెళ్ళండి. పీతల వల్ల రొయ్యలకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వస్తుందని మీరు గట్టు చుట్టూ కంచె కడతారు కదా, బురద విషయంలోనూ అంతే జాగ్రత్త పడాలి.