కుట్ల దారం పరీక్షించే పనికి ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) మూడో సంవత్సరం. క్లినిక్ పెట్టనంటోంది. నోట్లో వేసే కుట్ల దారం ఎంత బలం తట్టుకుంటుందో పరీక్షించే పరిశోధన చేస్తుందట. దీంతో బతుకుతెరువు దొరుకుతుందా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అచ్చంగా ఆ ఒక్క పనికే జీతమిచ్చేవాళ్లు అరుదండీ. అయితే ఆ పని వచ్చినవాళ్లకు వైద్య పరికరాల కంపెనీల క్వాలిటీ, రెగ్యులేటరీ విభాగాల్లో చోటుంది. టెన్షన్ పడేముందు ఆ పనేమిటో వినండి.

నోట్లో కుట్టు ఎప్పుడూ తడిగా, వెచ్చగా ఉంటుంది. దానికి తోడు నమలడం, పుక్కిలించడం. జంతువుల పేగుల నుంచి తీసే క్యాట్‌గట్ దారాన్ని ఎంజైములు తినేస్తాయి. వైక్రిల్ అనే సింథటిక్ దారం నీటి చర్యతో మెల్లగా బలం కోల్పోతుంది. అందుకే దారాన్ని కృత్రిమ లాలాజలంలో 37 డిగ్రీల వద్ద నానబెట్టి, 3, 7, 14 రోజులకు ఇలా తీసి, ముడి వేసి, లాగి బలం కొలిచే యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్‌లో తెగేదాకా లాగుతారు. ముడి దగ్గర తెగితే సరే. క్లాంపు దగ్గర నలిగి తెగిందా, ఆ రీడింగ్ పారేయాల్సిందే. ఓపిక లేనివాళ్లు ఇక్కడే విసిగిపోతారు.

ఇంకో చిక్కు మెషీన్‌తో. 4-0 అనే సన్నటి సైజు కరిగే సింథటిక్ దారానికి యూఎస్‌పీ (అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం) అడిగే సగటు ముడి బలం 0.95 కిలోలే. ఇనుప కడ్డీలు తెంచే సివిల్ ల్యాబు మెషీన్‌కు అది ఆనదు. చిన్న లోడ్ సెల్ (బలాన్ని కొలిచే సెన్సర్) ఉన్నది కావాలి. పాలిమర్, టెక్స్‌టైల్ ల్యాబుల్లో వెతకాలి. విజయవాడ, హైదరాబాద్‌లలోని సీపెట్ (కేంద్ర ప్లాస్టిక్స్ సంస్థ) కేంద్రాల్లో అడిగి చూడవచ్చు.

చదువు సంగతికొస్తే, బీడీఎస్ మాత్రం వదలనివ్వకండి. ఆ తర్వాత పీజీ అయిన ఎండీఎస్‌లో ఓరల్ సర్జరీయో, పీరియోడాంటిక్సో (చిగుళ్ల వైద్యం) తీసుకుంటే ఇదే అంశంపై థీసిస్ చేయవచ్చు. నేనైతే ఈ దారే మంచిదంటాను, ఎందుకంటే చేతిలో ప్రాక్టీసు కూడా ఉంటుంది. బయోమెడికల్ ఎంటెక్ సీట్లకు ఎక్కువచోట్ల ఇంజినీరింగ్ డిగ్రీ, గేట్ స్కోరు అడుగుతారు. నోటిఫికేషన్ చదవకుండా కోచింగ్‌కు డబ్బు కట్టకండి. కుట్ల దారాలు కూడా 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి వస్తాయి కాబట్టి తయారీదారులకు ఇలాంటి పరీక్షలు తప్పవు. వైద్య పరికరాలు తయారయ్యే విశాఖ మెడ్‌టెక్ జోన్‌పైనా ఓ కన్నేసి ఉంచండి.

ఈలోపు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) విద్యార్థులకిచ్చే రెండు నెలల ఎస్‌టీఎస్ (షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్) ప్రాజెక్టుకు ప్రయత్నించమనండి. గైడ్‌గా కాలేజీ ఫ్యాకల్టీ ఒకరు ఒప్పుకోవాలి. ఆ మాట అడగడానికి అమ్మాయినే పంపండి, మీరు వెంట వెళ్లొద్దు.