టైపింగ్ తీరు చూసి దొంగను పట్టగలరా?

ప్రశ్న: పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ సరిగానే ఇచ్చి నా ఖాతాలోకి వెళ్లాను. అయినా కొద్దిసేపటికి ‘మీ వాడకం తీరు ఎప్పటిలా లేదు’ అంటూ మళ్లీ ధ్రువీకరణ అడిగారు. ఈమధ్య కుడిచేతికి గాయమై కట్టుతో టైప్ చేస్తున్న మాట నిజమే. కానీ నా తీరు కంప్యూటర్‌కెలా తెలిసింది? దీనితో గుర్తింపు చౌర్యం నిజంగా ఆగుతుందా?

జవాబు: మీరు ఏమి టైప్ చేశారన్నదే కాక, ఎలా టైప్ చేశారన్నది కూడా ఆ సంస్థ గమనిస్తోందన్నమాట. ఒక్కో కీని ఎంతసేపు నొక్కి ఉంచారు, దాన్ని వదిలాక తరువాతి కీని అందుకోవడానికి ఎంత వ్యవధి పట్టింది అన్నవాటిని మిల్లీసెకన్లలో కొలిచి, మీ పాత కొలతలతో పోల్చి చూస్తారు. మౌస్ కదిలే వేగం, అది తిరిగే మలుపులు, ఫోన్ అయితే తెరపై వేలు జరిపే తీరు, ఫోన్‌ను పట్టుకునే వంపు కూడా లెక్కలోకి వస్తాయి. ఇలా అలవాట్లను బట్టి మనిషిని పోల్చుకునే పద్ధతిని ప్రవర్తనా బయోమెట్రిక్స్ అంటారు. కట్టుతో ఉన్న చేతి కొలతలు మారకుండా ఉండవు కాబట్టి మిమ్మల్ని మళ్లీ అడగడంలో వింతేమీ లేదు.

దీని వెనుక ఉన్న ఆలోచన పాతదే. టెలిగ్రాఫ్ ఆపరేటర్లు అవతల మీట నొక్కుతున్నది ఎవరో మోర్స్ సంకేతాల లయను బట్టి చెప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల రేడియో సందేశాలను వినేవారికి ఈ నేర్పు బాగా అక్కరకు వచ్చింది. కీబోర్డు విషయంలో అమెరికాలోని రాండ్ పరిశోధన సంస్థ 1980లో వెలువరించిన నివేదిక తొలి ప్రయత్నాలలో ఒకటి, అయితే అందులో పరీక్షించింది ఏడుగురు టైపిస్టులనే. తరువాత 2009లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 51 మంది చేత 10 అక్షరాల పాస్‌వర్డ్ ఒకదాన్ని తలా 400 సార్లు టైప్ చేయించి, 14 గుర్తింపు పద్ధతులను పోల్చారు. వాటిలో మేలైనదానికి సైతం 9.6 శాతం పొరపాటు మిగిలింది. అంటే అసలు మనిషిని కాదనడం, దొంగను ఔననడం అనే రెండు తప్పులూ సమానంగా ఉండేలా సరిచేసినప్పుడు, సుమారు పదింట ఒకసారి ఇటూ అటూ కూడా లెక్క తప్పిందన్నమాట. అంత చిన్న పాస్‌వర్డ్ ఆధారంగా ఇంతకుమించి ఆశించలేము.

కాబట్టి లాగిన్ దగ్గర ఒక్కసారి చూసి వదిలేసే పనికి ఇది చాలదని నా అభిప్రాయం. దీని అసలు ఉపయోగం లోపలికి వెళ్లిన తరువాత మొదలవుతుంది. లాగిన్ అయి ఉన్న బ్రౌజర్ నుంచి సెషన్ కుకీని, అంటే మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని సైట్‌కు చెప్పే చిన్న గుర్తును, కాజేసినవాడికి పాస్‌వర్డ్‌తో పని ఉండదు, దూరం నుంచి మీ కంప్యూటర్‌ను అదుపులోకి తీసుకున్నవాడికి ఓటీపీతో కూడా పని ఉండకపోవచ్చు. కానీ వాడి చేతి వేగం మీది కాదు, పైగా దూరం నుంచి నడిపే మౌస్ ఆగి ఆగి, గెంతుతూ కదులుతుంది. మీ పేరుతో కొత్త ఖాతా తెరిచే మోసంలో ఈ పద్ధతి మరింత ఆసక్తికరంగా పనిచేస్తుంది. అక్కడ పోల్చడానికి మీ పాత కొలతలే ఉండవు, అయినా దొంగ దొరికే వీలుంది: సొంత పుట్టినతేదీని ఎవరైనా తడుముకోకుండా కొడతారు, దొంగిలించిన వివరాలను చూసి కొట్టేవాడు మధ్యమధ్య ఆగుతాడు, లేదా కాపీ చేసి అతికిస్తాడు. పైగా అవే దరఖాస్తులను వరుసగా నింపి ఉంటాడు కనుక, కొత్తవాళ్లు తడబడే ఫారంలో వాడు మాత్రం చకచకా సాగిపోతాడు.

ఇక ఆగని మోసం ఒకటుంది. ఫోన్‌లో ఎవరో బెదిరించి మీ చేతనే డబ్బు పంపిస్తే, కీలు నొక్కేది మీ వేళ్లే. అలాంటప్పుడు మామూలుకన్నా ఎక్కువ తటపటాయింపు కనిపించిందని వ్యవస్థ అనుమానించగలదు తప్ప తేల్చి చెప్పలేదు. ఏ అనుమానం వచ్చినా ఖాతాను మూసేయకుండా మీ విషయంలో చేసినట్లు ఇంకొక రుజువు అడగడమే సరైన పద్ధతి. లేకపోతే చేయి నొప్పి ఉన్నవారు, వణుకు ఉన్నవారు, కొత్త కీబోర్డు కొన్నవారు అకారణంగా బయట నిలబడవలసి వస్తుంది.

ప్రశ్న: అంటే నేను టైప్ చేసేదంతా రాసుకుంటున్నట్లే కదా?

జవాబు: అలా రాసుకోనవసరం లేదు, మంచి వ్యవస్థలు అక్షరాలను వదిలేసి వ్యవధులను మాత్రమే తీసుకుంటాయి. అంతమాత్రాన అవి హానిలేని అంకెలని నమ్మకండి. కీల మధ్య విరామాలను నెట్‌వర్క్‌పై గమనించి, టైప్ చేసిన పాస్‌వర్డ్ గురించి ఆనవాళ్లు రాబట్టవచ్చునని 2001లోనే పరిశోధకులు చూపారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, టైప్ చేసే అలవాటును అంత తేలిగ్గా మార్చుకోలేం. యూరోపియన్ యూనియన్‌లో 2018 నుంచి అమలవుతున్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం (జీడీపీఆర్) బయోమెట్రిక్ సమాచారానికి ఇచ్చిన నిర్వచనంలో ప్రవర్తనా లక్షణాలను కూడా చేర్చింది. ఈ కొలతలను ఎంతకాలం ఉంచుతారు, ఎవరికిస్తారు, మోసాన్ని పట్టడానికే వాడతారా లేక ప్రకటనలకు కూడానా అని మీ సంస్థను రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: ఇది ఉంటే పాస్‌వర్డ్ మానేయవచ్చా?

జవాబు: దీన్ని నమ్ముకుని మానేయకూడదు. పాస్‌వర్డ్ బెడద వదిలించుకోవాలంటే, సైట్ అనుమతిస్తే పాస్‌కీ పెట్టుకోండి, అంటే పాస్‌వర్డ్‌కు బదులు మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ తాళంచెవి. అందులోని రహస్య కీ సైట్‌కు వెళ్లదు, నకిలీ సైట్‌లో అది పనిచేయదు. ప్రవర్తనా పరిశీలన దాని తరువాత వచ్చే రెండో కాపలా మాత్రమే.