ఓటీపీ రాలేదు, లింకు నొక్కలేదు, డబ్బు పోయింది

ప్రశ్న: మా నాన్నగారి ఖాతాలోంచి రెండుసార్లు పదేసి వేలు పోయాయి. ఓటీపీ రాలేదు, ఏ లింకూ నొక్కలేదు. మెసేజ్‌లో ఏఈపీఎస్ అని ఉంది. ఫోన్ హ్యాక్ అయిందా? రీసెట్ చేస్తే సరిపోతుందా? – ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఫోన్‌ని వదిలేయండి, పాపం దానికేం తెలీదు. ఇలాంటి ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి, అందరూ అనుమానించేది ఫోన్‌నే. ఏఈపీఎస్ అంటే ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతి, అందులో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, పిన్నూ ఓటీపీ ఏమీ అడగకుండా ఎక్కడో ఊళ్లో ఉన్న చిన్న మిషన్ మీద డబ్బు తీసేయొచ్చు.

ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా పోయిన డబ్బుకి, మెసేజ్ వచ్చాక మూడు పని దినాల్లోపు చెబితే ఖాతాదారుడికి నష్టం ఉండకూడదని 2017 నాటి ఆర్‌బీఐ నిబంధన. బ్రాంచిలో 'చూస్తాం లెండి' అంటే ఇదే గుర్తుచేయండి.

వేలిముద్ర ఎలా దొరికిందంటారా? నాన్నగారు ఎప్పుడైనా పొలమో ప్లాటో రిజిస్ట్రేషన్ చేయించి ఉంటే ఆ కాగితాల్లో చూడండి. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది ముద్రలతో, రబ్బరు స్టాంపులు చేసే మిషన్ మీదే నకిలీ వేలిముద్రలు తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ పోలీసులకు చిక్కాడు. వేలిముద్రా ఆధార్ నంబరూ ఒకే కాగితం మీద పెట్టి, దాన్ని ఎవరైనా దించుకునేలా ఉంచాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, నాకు దొంగకంటే అతని మీదే ఎక్కువ కోపం.

ఎంఆధార్ యాప్‌లో గానీ, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ చేయండి, ఈ రోజే. ఒక చిక్కుంది: లాక్ చేశాక రేషన్ షాపులో నాన్నగారి వేలు పడదు, పింఛను దగ్గరా అంతే. వెళ్లే ముందు కాసేపు అన్‌లాక్ చేయాలి, అందుకు ఆధార్‌కి లింకైన నంబరు ఆయన దగ్గరే ఉండాలి, అది పదేళ్ల కిందటి సిమ్ అయితే ముందు నంబరు మార్పించే పని చూసుకోండి. అరవై దాటిన మనిషితో ఇంత తతంగం చేయించే బదులు, డబ్బు తీసే సౌకర్యాన్ని అడిగినవాళ్లకి మాత్రమే ఇచ్చి ఉంటే పోయేది కదా!

ఇక ఆధార్ నంబరు బయటికి పోయే ఇంకో చోటు, లాడ్జీలు. రిసెప్షన్‌లో కుర్రాడు 'ఆధార్ వాట్సాప్ చేయండి సార్' అనగానే రెండు వైపులా ఫొటో కొట్టి పంపేస్తాం, అది అతని సొంత ఫోన్‌లో ఎన్నేళ్లుంటుందో అడగం. 2022 మే నెలలో ఉడాయ్ కార్యాలయం ఒకటి జిరాక్సులు ఎవరికీ ఇవ్వొద్దని హెచ్చరించింది, రెండు రోజులకే ప్రభుత్వం ఆ మాట వెనక్కి తీసుకుంది. మీరు మాత్రం చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అది చెల్లదని రిసెప్షన్‌లో వాదిస్తే డ్రైవింగ్ లైసెన్స్ చూపించండి.